టీటా నోర్మా పంచిన రాళ్ళు

రంగారావు గారు ఆ రాయిని కోటు జేబులోంచి తీసి, టీటా నోర్మా భోజనాల బల్ల మీద, కాఫీ ఫ్లాస్కుకీ లుంపియాల పళ్ళేనికీ మధ్య పెట్టారు. నిమ్మకాయంత రాయి. బూడిద రంగు, నడుమ తెల్లటి చార. "ఇది శిఖరం మీది రాయి కాదు కదమ్మా? అక్కడంతా మంచే అంటారు. రాయి ఎక్కణ్ణించి వచ్చింది?" అని మారిసెల్‌ని అడిగారు. గొంతులో కోపం లేదు, వెటకారమూ లేదు. బస్సు ఎన్నింటికని అడిగినట్టు అడిగారు. మారిసెల్ ఆ సెప్టెంబరులోనే టిబెట్, నేపాల్ సరిహద్దులోని చో ఓయు అనే కొండ ఎక్కి వచ్చింది. ఎనిమిది వేల మీటర్లు దాటిన కొండ అది. ఆమెది ఫిలిప్పీన్స్, హాస్పిటల్‌లో నర్సు. టీటా నోర్మా ఆమెకు పిన్ని, మాకు ఇంటి ఓనరు. టీటా అంటే వాళ్ళ భాషలో అత్త, పిన్ని, పెద్దమ్మ, అన్నీను. బల్లకు అటుపక్క కూర్చున్న ముగ్గురూ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ చుట్టుపక్కల ఉండే ఫిలిప్పీన్స్ వాళ్ళ సంఘం పెద్దలు. వచ్చే వసంతంలో మారిసెల్ ఎవరెస్ట్‌కి వెళ్తానంటోంది. తమ జెండా చేతికిచ్చి తమ మనిషిగా పంపాలా వద్దా అన్నది ఆ సాయంత్రం వాళ్ళు తేల్చుకోవాలి. అప్పటికి ఆ దేశపు ఆడవాళ్ళెవరూ ఎవరెస్ట్ ఎక్కలేదు. సంఘం వెనక నిలబడితే మారిసెల్ వెళ్ళగలదు, లేకపోతే లేదు. ఆ సంగతి గదిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు, ఇరుగుపొరుగుగా వచ్చి కూర్చున్న రంగారావు గారికీ నాకూ కూడా.

మారిసెల్ ముందు పిన్ని వైపు చూసింది. టీటా నోర్మా ఎవరినీ చూడకుండా, చక్కగా పేర్చి ఉన్న లుంపియాలను, అంటే మన కజ్జికాయ లోపలి సరుకు మార్చి సన్నగా చుట్టినట్టుండే వేపుళ్ళను, మళ్ళీ మొదటినుంచి పేరుస్తోంది. "కాదంకుల్. అవి కింద క్యాంపు దగ్గర ఏరాను" అంది మారిసెల్. సంఘం పెద్దల్లో ముత్యాల దండ వేసుకున్న పెద్దావిడ తల పక్కకు వంచి, మరి శిఖరం దాకా వెళ్ళావు కదా అని నెమ్మదిగా అడిగింది. ఆ మాట పూర్తి కాకుండానే రంగారావు గారు, ఆ కొండ నెత్తి పెద్ద మైదానంలా ఉంటుందట, దాని చివరి అంచుదాకా నడిస్తేనే ఎవరెస్ట్ కనిపిస్తుందట, అది చూసినవాళ్ళే పైకి చేరినట్టు లెక్కట, అని మిగతావాళ్ళకు వివరించారు. తర్వాత ఆమె వైపు తిరిగి, "కనిపించిందా?" అన్నారు. లేదంది. మబ్బు పట్టిందంది. ఇంకో మాట కూడా చెప్పింది. ఆమె నోట నేను విన్న మాటల్లో ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తున్నది అదొక్కటే. "పైకి నడవడానికి ఇంకేమీ లేదనిపించేదాకా నడిచాను. అదే శిఖరమా అంటే నాకు తెలియదు."

మొన్న టీటా నోర్మా పోయారు. వాళ్ళలో మనిషి పోయాక తొమ్మిది రోజులు సాయంత్రాలు ఇంట్లో ప్రార్థన చేస్తారు. ఇప్పుడు మేముండే పక్క ఊరు డబ్లిన్ నుంచి కారు వేసుకుని నేనూ ఒక సాయంత్రం వెళ్ళాను. అదే గది, అదే బల్ల, గోడకు అలంకారంగా వేలాడే అదే నిలువెత్తు చెక్క గరిటె, చెక్క ఫోర్కు. ప్రార్థన అయ్యాక పేపర్ ప్లేట్లో నూడుల్స్ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. అమెరికా వచ్చిన కొత్తలో మేం ఈ పెరడు వెనక గదిలో గడిపిన రోజులు అప్పుడే వరస లేకుండా కదిలాయి. నేను విజయవాడలో ఒక దినపత్రిక డెస్కు మీద కొన్నేళ్ళు పనిచేసి, పెళ్ళయ్యాక, పని చేసే హక్కు లేని వీసా మీద వచ్చినదాన్ని. మా ఆయన రవి పొద్దున్నే 880 ఫ్రీవే మీద పడితే చీకటి పడ్డాక వచ్చేవాడు. పగలంతా నాకు పనల్లా ఆ ఇంటిని చూడటమే. డెస్కు మీద మా చీఫ్ సబ్ ఎడిటర్ ఒకాయన ఉండేవారు. ఏ కాపీ ఇచ్చినా మొదటి పేరా పక్కన ఎర్ర పెన్నుతో "ఎవరు చూశారు?" అని రాసి వెనక్కి పంపేవారు. లారీ బోల్తా పడిందన్నా అంతే, మంత్రి నవ్వాడన్నా అంతే. ఆ ప్రశ్న ఉద్యోగంతో పాటు అక్కడే వదిలేసి రావలసింది. నాతో పాటు ఫ్రీమాంట్ దాకా వచ్చింది.

ఆ ఇంట్లో నాకు మొదట పరిచయమైంది వాసనే. తెల్లవారకముందే టీటా నోర్మా రేడియోలో ప్రార్థన పెట్టుకుని, రాత్రి మిగిలిన అన్నాన్ని వెల్లుల్లితో వేయించేది. ఇంట్లో వాసన పట్టకుండా పెరట్లో రేకుల కింద ఒక గ్యాస్ పొయ్యి పెట్టించుకుంది. ఎండు చేపలు వేయించడం అక్కడే. బందరు పక్క పుట్టినదాన్ని, ఆ వాసనకు నాకు నిద్ర పట్టేది కాదు సరికదా, ఇల్లు గుర్తొచ్చి ఏడుపొచ్చేది. రవి మాత్రం దిండు ముక్కు మీద పెట్టుకుని, "మీ పుట్టింటివాళ్ళు లేచారు" అనేవాడు. కొన్నాళ్ళకి నా తాలింపులూ ఆ రేకుల కిందికే చేరాయి. ఆవిడ పెరట్లో మునగచెట్టు ఉంది. వాళ్ళూ మునగాకు వండుతారు, కోడిపులుసులో వేస్తారు. నేను పప్పులో వేస్తే రుచి చూసి, కోడి ఎక్కడుందని గరిటెతో వెతికింది. ఆవిడ ఫ్రీజర్‌లో ఐస్‌క్రీం డబ్బాల నిండా ఎండు రొయ్యలు, నా ఫ్రీజర్‌లో ఐస్‌క్రీం డబ్బాల నిండా గోంగూర. ఇద్దరి ఇళ్ళలోనూ ఐస్‌క్రీం మాత్రం దొరికేది కాదు.

ఇంత స్నేహమైనా ఆవిడకి నా మీద నమ్మకం కుదరడానికి చాలా కాలం పట్టింది. నేను బట్టలు ఉతికే మిషన్ దగ్గరికి వెళ్తే వంటింటి కిటికీ రెక్కలు కొంచెం విడేవి. పెరట్లో నిమ్మకాయ రాలితే నా చేతుల వైపు చూసేది. ఈ దేశంలో నవ్వుతూ తలుపు తట్టేవాడు ఏదో ఒకటి అమ్మడానికే వస్తాడని ఆవిడ సిద్ధాంతం. అందుకని ఎవరు నవ్వినా ముందు తలుపు గొలుసు వేసుకుని, తర్వాత తనూ నవ్వేది. నేనేమైనా తక్కువ తిన్నానా? మారిసెల్‌ని నేను చూసిన చూపు అంతకంటే గొప్పదేం కాదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి పడుకోకుండా, తోటలో గొట్టం కింద పెద్ద పెద్ద నీళ్ళ క్యాన్లు నింపి, వీపు సంచీలో కుక్కుకుని, నడుం వంచుకుని వెళ్ళిపోయేది. మధ్యాహ్నానికి ఖాళీ క్యాన్లతో, చెమటతో తిరిగొచ్చేది. చీకట్లో క్యాన్లు మోసుకు తిరిగేవాళ్ళను మా వైపు చూశాను. వాళ్ళు చేసే వ్యాపారం ఒక్కటే, దానికి పోలీసులు వస్తారు. వారం రోజులు ఊరుకుని, చివరికి టీటా నోర్మానే అడిగాను. ఆవిడ పొయ్యి దగ్గరనుంచి లేవకుండానే, ఎదురుగా ఎండి పచ్చరంగు పోయిన మిషన్ పీక్ కొండను గరిటెతో చూపించింది. ఆ నీళ్ళన్నీ మోసుకుని కొండ ఎక్కుతుందట, పైన పారబోస్తుందట, మోకాళ్ళు అరగకుండా ఖాళీగా దిగుతుందట. "నర్సింగ్ చదివించాను. కూలి పని చేస్తోంది" అంది.

మారిసెల్ ఉత్తర లూజాన్ కొండల్లో, చలికి క్యాబేజీలు పండే ఊళ్ళో పుట్టింది. చిన్నప్పుడే తల్లి పోతే పిన్ని పెంచింది, పిన్నే అమెరికా రప్పించింది. తోటి నర్సులు సరదాకి శాస్తా కొండకు తీసుకెళ్ళారట. వాళ్ళందరికీ వాంతులైతే ఈమెకు ఆకలేసిందట. అక్కణ్ణించి రైనియర్, తర్వాత అలాస్కాలో అప్పట్లో మెకిన్లీ అనేవారే, ఆ కొండ, తర్వాత అర్జెంటీనాలోది. సెలవులన్నీ కూడబెట్టి ఒకేసారి వాడేది. వేసవుల్లో సియెర్రా కొండల్లో ఒక శిక్షణ బడిలో, కొత్తవాళ్ళకు తాడు ముడి వేయడం, మంచులో జారితే గొడ్డలి గుచ్చి ఆగడం నేర్పేది. మనిషి పొట్టి. నా భుజం దాకా వచ్చేది. మాట తక్కువ, అదీ పేషెంటుకి చెప్పినట్టు చెప్పేది. టీటా నోర్మా మొదట్లో ఈ కొండల పిచ్చి వదలాలని మొక్కుకునేది. పెళ్ళి కావలసిన పిల్ల గడ్డం మగాళ్ళతో గుడారాల్లో పడుకోవడమేమిటని నాతో గొణిగేది, నేను బయట ఏమైనా విన్నానేమోనని నా మొహం చూసేది. మెకిన్లీ ఎక్కి దిగాక సంఘం వాళ్ళు పిలిచి పూలగుత్తి ఇచ్చారు. ఆ రోజునుంచి ఆవిడ మొక్కు మారింది. అదే దేవుడిని, ఈసారి ఇంకా ఎత్తుకి ఎక్కించమని అడిగేది. చర్చిలో, పొద్దున లేక్ ఎలిజబెత్ చుట్టూ నడిచే వృద్ధుల గుంపులో, కూరగాయల కొట్లో, మారిసెల్ పేరు లేకుండా ఆవిడ వాక్యం పూర్తయ్యేది కాదు.

ఆ నడిచే గుంపులోనే రంగారావు గారూ ఉండేవారు. కాకినాడ దగ్గర పుట్టి, అరవైల చివర చదువుకోవడానికి వచ్చి, జీవితమంతా గనుల కంపెనీలకు రాళ్ళు పరీక్షించి రిటైరైన మనిషి. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. రెడ్ లైట్ దగ్గర ఆగినప్పుడల్లా రోడ్డుపక్క గుట్ట చూపించి, అది ఎన్ని కోట్ల ఏళ్ళ కిందటిదో చెప్పేవారు. ఈలోగా వెనక కారు హారన్ కొట్టేది. టీటా నోర్మాకీ ఆయనకీ సరసమో విరసమో తెలియని పోటీ ఒకటి నడిచేది. ఆయన తన కొడుకు స్టాన్‌ఫర్డ్ డాక్టరు అంటే, ఆవిడ మా పిల్ల అలాస్కా ఎక్కిందనేది. డాక్టర్లు వీధికి ఇద్దరున్నారు, కొండలెక్కేవాళ్ళెంతమంది, అని ఒకరోజు అందరి ముందూ అడిగింది. గుంపంతా నవ్వింది. ఆయనా నవ్వారు. ఆ నవ్వు గురించి నాకు అప్పుడే కొంచెం అనుమానం.

చో ఓయు నుంచి తిరిగొచ్చేటప్పటికి మారిసెల్ మొహం మీద కళ్ళజోడు మేర వదిలి మిగతాదంతా కాలి, పొరలు ఊడుతోంది. కాలివేళ్ళు రెండు నల్లబడ్డాయి. అయినా సంచీలోంచి మొదట తీసింది ఒక ఉన్ని మేజోడు. దాని నిండా రాళ్ళు. వాళ్ళలో ఒక ఆచారం ఉంది. ఎంత దూరం వెళ్ళినా, ఎంత కష్టం మీద వెళ్ళినా, వచ్చేటప్పుడు ఇంటివాళ్ళకీ ఇరుగుపొరుగుకీ ఏదో ఒకటి తేవాలి. పసలూబొంగ్ అంటారు. ఉత్త చేతులతో వచ్చిన మనిషిని ఏమీ అనరు, కానీ మరిచిపోరు. మన వాళ్ళూ కాశీ నుంచి చెంబులు తెస్తారుగానీ, తేకపోతే పరువు పోయేంత పట్టింపు కాదు. విమానాశ్రయంలో కొనడానికి టైము లేక, దిగువన పెద్ద క్యాంపు వేసే చోట, గుడారం పక్కన కాళ్ళకింద ఉన్నవి ఏరుకొచ్చానని ఆమె నాతో అప్పుడే అంది. నాకూ ఒకటిచ్చింది. తర్వాతి ఆదివారం టీటా నోర్మా పార్టీ పెట్టింది. పంది మాంసం, నూడుల్స్, గుమ్మం దాటి వీధిలోకి చెప్పులు. మారిసెల్‌కి ఆ పగలు హాస్పిటల్ డ్యూటీ పడింది. వచ్చేసరికి పార్టీ సగమైంది. ఈలోపల ఆవిడ రాళ్ళన్నిటినీ పెళ్ళిలో పంచే కానుకల్లా, ఒక్కొక్కటి తెల్లటి వల గుడ్డలో కట్టి, బంగారు రంగు రిబ్బను వేసి, ఒక్కొక్కరి చేతిలో పెడుతూ, "శిఖరం మీదనుంచి. మా పిల్ల తన చేత్తో తెచ్చింది మీకు" అని పంచేసింది.

మారిసెల్ నర్సు బట్టల్లోనే వచ్చి గుమ్మంలో నిలబడటం నేను చూశాను. అప్పుడు పిన్ని ముత్యాల దండ పెద్దావిడ చేతిలో రాయి పెట్టి అదే మాట అంటోంది. మారిసెల్ పెదవి కదిలింది. తర్వాత పిన్ని చెయ్యి నుదుటికి తాకించుకుని దండం పెట్టి, ప్లేటు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. పెద్దవాళ్ళు నలుగురిలో చెప్పిన మాటను నలుగురిలో కాదనడం వాళ్ళలో కొట్టడం కన్నా పెద్ద తప్పు. మన ఇళ్ళలో మాత్రం ఎంతమంది చేస్తారు? అలా ఆ మాట నిలబడిపోయింది. రంగారావు గారి చేతిలోనూ రిబ్బను కట్టిన రాయి పడింది. ఆయన రిబ్బను విప్పి, రాయిని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి దగ్గరగా చూసి, జేబులో వేసుకున్నారు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆయన లైబ్రరీలో కొండల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారని తర్వాత తెలిసింది.

నా అనుమానం మరో దారిన నడుస్తోంది. విజయవాడలో మా పాత పత్రిక మహిళా పేజీ వాళ్ళకు ఈమె గురించి రాసి పంపుదామనుకున్నాను. ఫోటో అడిగితే మారిసెల్ ఒకటే ఇచ్చింది. తన కెమెరా చలికి చచ్చిపోయిందట. వెంట నడిచిన షెర్పా, దావా అనే ఆయన, తన కెమెరాతో తీసిందట. ఫోటోలో అంతా తెలుపు. మధ్యలో ఎర్ర దూది బొమ్మలాంటి మనిషి. కళ్ళకు నల్ల అద్దాలు, ముక్కుకు ఆక్సిజన్ తొడుగు, ఒక చేతిలో మడత విప్పని చిన్న జెండా. వెనక కొండ లేదు, ఆకాశం లేదు. రవికి చూపిస్తే, "ఇది నువ్వేనని రాసినా ఎవరూ కాదనలేరు" అన్నాడు. ఎవరు చూశారు? దావా చూశాడు. అదే జట్టులో రీనో నుంచి వచ్చిన ఒకాయన వాళ్ళకంటే కొంచెం ముందు దిగాడట, ఆయనా కొంత చూశాడు. రోజూ ఆమెను పెరట్లో చూసేదాన్ని. ఊడుతున్న నల్లటి వేళ్ళకు తనే కట్టు కట్టుకునేది. ఈ మనిషి అబద్ధమాడదని అనిపించేది. మరుక్షణం, అనిపించడం వార్త కాదని గుర్తొచ్చేది. ఆ వ్యాసం మొదటి పేరా దగ్గర ఆగిపోయింది.

ఇక ఆ సాయంత్రానికి వస్తాను. నాకు తెలియదు అని ఆమె అన్నాక, సంఘం పెద్దల్లో ఒకాయన పేపర్ నాప్‌కిన్‌తో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. ముత్యాల దండ ఆవిడ, నిజాయితీగా చెప్పావు, చాలా సంతోషం, అంది. ఆ సంతోషం ఎలాంటిదో డెస్కు మీద కూర్చున్నవాళ్ళకు బాగా తెలుసు. ఉద్యోగం ఇవ్వనివాళ్ళు అలాగే సంతోషిస్తారు. ముగ్గురూ టీటా నోర్మా వంటను మెచ్చుకున్నారు. తలో పొట్లం కట్టించుకున్నారు. వాళ్ళింట్లోంచి పొట్లం లేకుండా ఎవరూ బయటపడలేరు. గుమ్మం దగ్గర జెండా మాట ఎవరూ ఎత్తలేదు. రంగారావు గారు బల్ల మీది రాయిని మళ్ళీ జేబులో వేసుకుని బయల్దేరారు. వీధి మలుపు దాకా నేనూ వెళ్ళి, ఇదంతా ఆ పిల్లను విడిగా అడగొచ్చు కదంకుల్ అన్నాను. "అమ్మాయ్, రాయి అంచులు నున్నగా ఉన్నాయి. మంచునది ఈడ్చుకొచ్చిన రాయి. నున్నటి రాయిని శిఖరం అంటే నేనెలా ఊరుకోను? నేను రాయిని అడిగాను, మనిషిని కాదు" అన్నారు. రాయినే అడిగేటట్టయితే మరి ఎవరెస్ట్ సంగతెందుకు, అదీ ఆ ముగ్గురి ముందే ఎందుకు, అని నేను అడగలేదు. ఆయన నవ్విన ఆ పాత నవ్వు గుర్తొచ్చింది. కేవలం రాళ్ళ మీద ప్రేమతోనే అడిగి ఉండవచ్చు కూడా. ఆయన బతికున్నంతకాలం నేను అటూ ఇటూ తేల్చుకోలేకపోయాను.

తిరిగొచ్చేసరికి రేకుల కింద ఇద్దరూ గిన్నెలు కడుగుతున్నారు. వాళ్ళ భాషలో మొదలై, నన్ను చూశాక ఇంగ్లీషులోకి మారారు. నేను వినాలని కాబోలు. టీటా నోర్మా, పైనుంచే తెచ్చానంటే నీ సొమ్మేం పోయేది, రాయి లేచి సాక్ష్యం చెబుతుందా, అంది. మారిసెల్ గిన్నె తోముతూనే, "రాయికి తెలీదు టీటా. నాకు తెలుసు" అంది. "నీకేం తెలుసు? నీకు తెలీదని నువ్వేగా అన్నావు" అంది ఆవిడ. నాకు నవ్వాగలేదు. మారిసెల్‌కీ ఆగలేదు. టీటా నోర్మా మాత్రం నవ్వలేదు. తడి చేతులు గౌనుకు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళి, గొలుసు వేసుకుంది. తర్వాత చాలా నెలలు ఆవిడ లేక్ ఎలిజబెత్ వైపు వెళ్ళలేదు. పొద్దున్నే పెరట్లోనే అటూ ఇటూ నడిచేది. తాను చెప్పిన మాట తప్పని అందరికీ తెలిసిపోవడమా, తాను పెంచిన పిల్ల నలుగురిలో కాదనడమా, లేక ఆ పిల్ల నిజంగా పైదాకా వెళ్ళలేదేమోనన్న అనుమానమా, ఆవిణ్ణి ఏది బాధించిందో నాకు తెలియదు. మారిసెల్ పేరు మాత్రం ఆవిడ వాక్యాల్లోంచి తప్పుకుంది. సంఘం వాళ్ళు ఈ ఏడు తొందరొద్దన్నారు, మరుసటి ఏడు పలకలేదు. కొన్నాళ్ళకి ఫిలిప్పీన్స్ నుంచే వేరే ఆడపిల్లలు ఎవరెస్ట్ ఎక్కారు. ఆ వార్త వచ్చిన రోజు మారిసెల్ క్యాన్లు నింపుకుని, ఎప్పటిలాగే మిషన్ పీక్‌కి వెళ్ళింది.

తర్వాత మాకు గ్రీన్‌కార్డు వచ్చింది, డబ్లిన్‌లో ఇల్లు కొనుక్కున్నాం. నాకు చుట్టుపక్కల తెలుగువాళ్ళ పత్రికల్లో రాసే పని దొరికింది. మారిసెల్ హాస్పిటల్ తగ్గించుకుని, సియెర్రాలో, టాహో దగ్గర ఉన్న ఆ శిక్షణ బడిలోనే స్థిరపడింది. తన పేరు చెప్పుకోకుండా ఎందరినో కొండలెక్కించింది. ఇప్పుడు మా వీధిలో పిల్లలు మిషన్ పీక్ ఎక్కినా, చేతి గడియారం దారంతా గీత గీసి, ఎక్కడ ఆగారో, ఎక్కడ చెమట పట్టిందో చెప్పేస్తుంది. ఎవరు చూశారని అడగాల్సిన పని లేదు, అందరూ చూపిస్తూనే ఉంటారు. నమ్మకం పెరిగిందా అంటే, పెరగలేదు. ఫోటో చూడగానే ఎక్కడ దిద్దారో వెతకడం పిల్లలకు కూడా వచ్చేసింది. ఆ రోజుల్లో మనిషి మొహం చూసి అనుమానించేవాళ్ళం. మొహం చూడటమంటే పక్కన కూర్చోవాలి, ఆ ఇంటి అన్నం తినాలి, వెల్లుల్లి వాసన పట్టాలి. ఆ అనుమానానికి కూడా ఎంతో తీరిక కావలసి వచ్చేది. దాన్ని మంచి కాలమని అనను. అలాంటి తీరిక మనుషుల వల్లే ఒక పిల్ల ఎవరెస్ట్ దారి మూసుకుపోయింది.

మధ్యలో నేను ఊరుకోలేదు. ఒక వేసవిలో రీనో వెళ్ళినప్పుడు ఆ జట్టులోని ఆయన్ని కలిశాను. ఆయన గొడ్డళ్ళూ తాళ్ళూ అమ్మే కొట్టు నడుపుతున్నాడు. ఆమె ప్రార్థన జెండాలు కట్టిన చోట ఆగిపోయింది, అసలు శిఖరం ఇంకా అవతల, అన్నాడు. తడుముకోకుండా చెప్పాడు. దావాతో ఫోన్‌లో మాట్లాడాను. జెండాలు దాటి చాలాసేపు నడిచాం, నేల అవతలికి వాలడం మొదలైన చోట నేనే ఆపాను, అన్నాడు. అతనూ తడుముకోలేదు. ఇద్దరికీ అబద్ధం చెప్పాల్సిన అవసరం నాకు కనిపించలేదు. ప్రార్థన జరిగిన సాయంత్రం ఈ రెండు మాటలూ మారిసెల్‌కి చెప్పాను. జుట్టు నెరిసింది. కుంటుతున్నట్టు కూడా తెలియనంత అలవాటుగా కుంటుతోంది. విని, ఇద్దరూ మంచివాళ్ళే, అంది. ఆ మబ్బులో తనకు తన చేతులే కనిపించలేదంది. టీటా నోర్మా ఆఖరి రోజుల్లో ఒకసారి దగ్గరికి పిలిచి, నిజంగా పైదాకా వెళ్ళావా అని అడిగిందట. ఏం చెప్పావన్నాను. పెద్దవాళ్ళకి చెప్పే జవాబే చెప్పానంది. అది ఔనో కాదో నేను రెట్టించేలోపు లోపలినుంచి ఎవరో ఆమెను పిలిచారు.

ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ సంఘంలో పెద్దవాళ్ళు మారిపోయారు. ఇప్పుడున్న కుర్రాళ్ళు పెట్టిన వెబ్‌సైట్లో, మన గర్వకారణాలు అనే పేజీలో, ఎర్ర దూది బొమ్మలాంటి ఆ ఫోటో ఉంది. కింద, చో ఓయు శిఖరాన్ని అధిరోహించిన మన మారిసెల్, అని రాశారు. టాహో శిక్షణ బడి వాళ్ళ వెబ్‌సైట్లో ఆమె ఎక్కిన కొండల పేర్లున్నాయి. అందులో చో ఓయు లేదు. రెండు పేజీలనూ ఆమె చూసింది. దేన్నీ సరిచేయమని ఇప్పటిదాకా ఎవరినీ అడగలేదు.